అన్నయ్యకి 110 సెంటీమీటర్ల పేగే మిగిలింది. నలుగురు డాక్టర్లు నాలుగు మాటలు చెబుతున్నారు, ఎవరి మాట వినాలి?

మిర్చియార్డు తమ్ముడు (గుంటూరు), ఏప్రిల్ 6, రాత్రి 11:10

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా అన్నయ్యకి 43 ఏళ్లు. యార్డులో గుమస్తా. జనవరిలో ఒక రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. గ్యాస్ అనుకుని మాత్రలు వేశాం. తెల్లారేసరికి మనిషి చల్లబడిపోతుంటే విజయవాడ తీసుకెళ్లాం. పేగుకి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ కట్టిందట, పేగు నల్లబడిపోయిందట. చాలా భాగం తీసేశారు. పై పేగు 110 సెంటీమీటర్లు మిగిలింది. దాని చివర పొట్ట మీదకి తెచ్చి సంచి పెట్టారు. పెద్ద పేగు సగానికి పైగా లోపలే ఉంది, కొన్నాళ్లకి కలుపుతామన్నారు. ప్రాణం నిలబెట్టిన ఆ సర్జన్ గారికి మేం ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం.

కష్టమంతా ఇంటికొచ్చాక మొదలైంది. సంచి రోజుకి పన్నెండు సార్లు నిండుతోంది. ఎప్పుడూ దాహమే. చెంబుడు నీళ్లు తాగితే సంచిలోకి చెంబున్నర వస్తోంది. రెండు నెలల్లో 14 కిలోలు తగ్గాడు. రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోతే అడ్మిట్ చేశాం, సెలైన్లు ఎక్కించి మూడో రోజున పంపేశారు. నిన్న మధ్యాహ్నం పప్పన్నం కలుపుకుంటుంటే కుడిచేతి వేళ్లు దగ్గరికి ముడుచుకుపోయాయి. ముద్ద కంచంలో పడిపోయింది. నేను పట్టుకుని విడదీద్దామన్నా వేళ్లు రాలేదు.

సర్జన్ గారు నీళ్లు బాగా తాగించమన్నారు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) పెరిగిందని కిడ్నీ డాక్టరు గారు రోజుకి నాలుగు లీటర్లు అన్నారు. డిశ్చార్జ్ కాగితంలో ఉప్పు తగ్గించాలి, ఆకుకూరలు, పీచు ఎక్కువ తినాలి అని ఉంది. గ్యాస్ట్రో డాక్టరు గారేమో నీళ్లు తగ్గించమన్నారు. నాలుగు ఫైళ్లున్నాయి, ఒకరి ఫైలు ఇంకొకరు తెరవట్లేదు. ఇలాంటి జబ్బుని అందరూ కలిసి కూర్చుని చూసే చోటు మన దగ్గర ఎక్కడైనా ఉందా?

రిటైర్డ్ సిస్టర్ (విజయవాడ), ఏప్రిల్ 6, రాత్రి 11:42

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. వేళ్లు ముడుచుకుపోయాయంటే ఇక ఆలస్యం చేయొద్దు. ఈ రాత్రి మళ్లీ వస్తే వెంటనే క్యాజువాల్టీకి వెళ్లండి. రాకపోయినా పొద్దున్నే సోడియం, పొటాషియం, కాల్షియంతో పాటు మెగ్నీషియం చూపించండి. మెగ్నీషియం మామూలు రక్తపరీక్షల్లో కలిసి రాదు, విడిగా రాయించుకోవాలి. సంచి ఎక్కువగా పోయేవాళ్లలో అది తరచుగా పడిపోతుంది.

రెండోది. రేపే రెండు కొలత జగ్గులు కొనండి, రెండు రంగులవి. ఒకటి సంచికి, ఒకటి మూత్రానికి. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా పోయిన ప్రతి చుక్కా కొలిచి పుస్తకంలో రాయండి. తాగింది ఏమిటో, ఎంతో కూడా రాయండి. పొద్దున సంచి ఖాళీ చేశాక బరువు చూడండి. 31 ఏళ్లు సర్జికల్ వార్డులో చేశాను. “చాలా పోతోంది డాక్టరు గారూ” అంటే ఏ డాక్టరూ తల ఎత్తరు. “మూడు లీటర్ల నాలుగొందలు” అంటే కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు.

మిర్చియార్డు తమ్ముడు, ఏప్రిల్ 8, సాయంత్రం 6:05

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మెగ్నీషియం 0.9 వచ్చింది, ఉండాల్సినదాంట్లో దాదాపు సగం. అడ్మిట్ చేసి సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. వేళ్లు బాగానే ఉన్నాయి ఇప్పుడు. నిన్నటి లెక్క: సంచి 3,450 ఎంఎల్, మూత్రం 420 ఎంఎల్. తాగింది నాలుగు లీటర్ల పైమాటే, అంతా మంచినీళ్లు, కొబ్బరినీళ్లు.

బందరు రోడ్డు గ్యాస్ట్రో (విజయవాడ), ఏప్రిల్ 8, రాత్రి 10:20

నేను ఇక్కడ మందు రాయడం లేదు. మీ డాక్టర్లతో మాట్లాడటానికి పనికొచ్చే లెక్క చెబుతున్నాను.

పెద్దవాళ్ల చిన్నపేగు రమారమి ఆరు మీటర్లు, మనిషిని బట్టి మూడు నుంచి ఎనిమిది. రెండు మీటర్ల లోపు మిగిలితే షార్ట్ బవెల్ అంటాం. ఎంత కోసేశారన్నది కాదు ముఖ్యం. ఎంత మిగిలింది, ఏ భాగం మిగిలింది, పెద్ద పేగు దానికి కలిసి ఉందా లేదా అన్నవి చూడాలి. మీ అన్నయ్యకి మిగిలింది జెజునం, అంటే చిన్నపేగు పై భాగం. దాని గోడ వదులుగా ఉంటుంది. మంచినీళ్లు తాగితే ఒంట్లోని ఉప్పు పేగులోకి దిగుతుంది, ఉప్పు వెనకాలే నీళ్లు దిగుతాయి. మీరన్న చెంబుకి చెంబున్నర అక్కడిదే. సంచిలో పోయే ప్రతి లీటరులో సోడియం దాదాపు 100 మిల్లీమోల్స్ ఉంటుంది. ఇంట్లో లెక్కన ఒక టీస్పూను ఉప్పు. మీ అన్నయ్య రోజుకి మూడున్నర స్పూన్ల ఉప్పు పోగొట్టుకుంటున్నాడు. అలాంటి మనిషి చేతిలో ఉప్పు తగ్గించమన్న కాగితం పెట్టారు. అది బీపీ ఉన్నవాళ్లకోసం అచ్చేసిన కాగితం అయ్యుంటుంది. నాకు చాలా బాధ కలిగింది అది చదివి.

ఇలాంటివాళ్లకి మంచినీళ్లు, టీ, కొబ్బరినీళ్లు, జ్యూసులు అన్నీ కలిపి రోజుకి అర లీటరు నుంచి లీటరు లోపే ఉంచుతాం. మిగిలిన దాహానికి ఉప్పు, గ్లూకోజు నీళ్లు ఇస్తాం. లీటరు నీళ్లకి గ్లూకోజు 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి పేరుతో చాలా దేశాల్లో వాడే పాళ్లు ఇవి. ఇందులో సోడియం లీటరుకి 90 ఉంటుంది, మామూలు డబ్ల్యూహెచ్ఓ ఓఆర్ఎస్‌లో 75. గుండె, కిడ్నీ పరిస్థితి చూడకుండా ఎవరంతట వాళ్లు మొదలుపెట్టకూడదు. మీ డాక్టరు ఒప్పుకుంటే చెంచాలతో కాకుండా చిన్న కాటా మీద తూచి కలపండి.

లోపరమైడ్ (పేగు కదలికని నెమ్మది చేసే మాత్ర) అన్నానికి అరగంట ముందు వేయాలి. తిన్నాక వేస్తే ఫలితం తగ్గుతుంది. మొదటి ఆరు నెలలు కడుపులో ఆమ్లం బాగా ఊరుతుంది, దానికీ మందు ఉండాలి. మూత్రంలో సోడియం ఒక్కసారి చూపించండి. 20 లోపు ఉంటే ఒంట్లో ఉప్పు అడుగంటినట్టు. క్రియాటినిన్ పెరగడానికి కారణం చాలావరకు అదే అయ్యుంటుంది, కిడ్నీ జబ్బు కాకపోవచ్చు. గడ్డ ఎందుకు కట్టిందో హెమటాలజిస్టు (రక్తం జబ్బుల డాక్టరు) చూశారా? రక్తం పలచన చేసే మందు పొట్టి పేగులో ఎంత ఒంటబడుతుందో మనిషి మనిషికీ మారుతుంది, వార్ఫరిన్ లాంటిదైతే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూసుకుంటూ ఉండాలి.

ఇక టీము మాట. ఇంగ్లండులో సెయింట్ మార్క్స్, సాల్ఫర్డ్ ఆసుపత్రుల్లో ఈ జబ్బుకే ప్రత్యేకంగా జట్లున్నాయి. సర్జన్, గ్యాస్ట్రో, డైటీషియన్, ఫార్మసిస్టు, సెలైన్ లైను చూసే నర్సు, మనసు చూసే మనిషి అందరూ ఒకే మంచం చుట్టూ నిలబడతారు. మన రెండు ఊళ్లలో అలా బోర్డు పెట్టిన వార్డు నేను చూడలేదు. మనుషులకి మాత్రం కొదవలేదు. విజయవాడ సూర్యారావుపేటలో రెండు వీధులు నడిస్తే అందరూ తగులుతారు. వాళ్లలో ఒకరు పెద్దరికం తీసుకోవాలి. మీ సర్జన్ గారినో గ్యాస్ట్రో గారినో సూటిగా అడగండి: “అన్నయ్య బాధ్యత మొత్తం మీరు తీసుకుంటారా? మిగతావాళ్లు ఏం మార్చినా మీతో చెప్పాకే మారుస్తాం.” ఈ మాట అడిగితే నేనైతే కాదనను.

అరండల్‌పేట శ్రీను, ఏప్రిల్ 9, ఉదయం 7:15

తమ్ముడూ, ఇవన్నీ ఎందుకు, చెన్నై తీసుకెళ్లి పేగు మార్పిడి చేయించేయండి. ఇప్పుడన్నీ మారుస్తున్నారు కదా.

రాత్రి టీపీఎన్ (విజయవాడ), ఏప్రిల్ 9, మధ్యాహ్నం 2:30

శ్రీను గారూ, మంచి మనసుతోనే అన్నారని తెలుసు. కానీ మార్పిడి మొదటి మెట్టు కాదు. లివరు దెబ్బతిన్నప్పుడో, సెలైన్ లైను పెట్టడానికి నరాలు మిగలనప్పుడో, లైను ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదకి పదే పదే వచ్చినప్పుడో దాని గురించి ఆలోచిస్తారు. మార్చిన పేగుని ఒళ్లు తోసేయకుండా జీవితాంతం మందులు వాడాలి. ఆపరేషన్ అయ్యాక రెండేళ్ల దాకా మిగిలిన పేగు తనంతట తను సర్దుకుంటూనే ఉంటుంది. ఈ అన్నయ్యకి మూడు నెలలే అయింది.

నా సంగతి చెబుతాను. పేగు మెలిపడి 45 సెంటీమీటర్లే మిగిలింది నాకు, సగం పెద్ద పేగుకి కలిపారు. తొమ్మిదేళ్లయింది. వారంలో ఐదు రాత్రులు ఛాతీలో పెట్టిన లైను ద్వారా టీపీఎన్ (నేరుగా నరంలోకి వెళ్లే పూర్తి ఆహారం) ఎక్కుతుంది, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. పగలు కుట్టుమిషను పని చేసుకుంటాను. 1960ల చివర్లో అమెరికాలో స్టాన్లీ డుడ్రిక్ అనే సర్జన్, ఆయన తోటివాళ్లు పెద్ద నరం ద్వారా పూర్తి ఆహారం ఎక్కించి మనిషిని బతికించవచ్చని చూపించారు. అంతకుముందు నాలాంటివాళ్లు ఆకలితోనే పోయేవాళ్లట. ఆయన పేరు తలుచుకోని వారం ఉండదు.

టీము ఎందుకో ఒక్క రాత్రిలో తెలిసింది నాకు. 2019లో ఒకరోజు టీపీఎన్ సంచి తగిలించిన ముప్పావుగంటకి పళ్లు టకటకా కొట్టుకునేలా చలి. దుప్పట్లు రెండు కప్పినా మంచం ఊగుతోంది. పక్కవీధి డాక్టరు గారు చూసి వైరల్ జ్వరం అన్నారు. లైను నేర్పిన సిస్టర్‌కి మా ఆయన ఫోన్ చేస్తే ఆమె అడిగింది ఒకటే: “సంచి పెట్టాక వచ్చిందా, ముందే ఉందా?” పెట్టాక అనగానే, “ఆపేయండి. జ్వరం మాత్ర వేసి పడుకోవద్దు, బయల్దేరండి. లైనులోంచి ఒకటి, చేతి నరంలోంచి ఒకటి, రెండు కల్చర్లు, అంటే క్రిముల కోసం రక్తపరీక్షలు, తీయమనండి” అంది. లైనులోనే ఇన్ఫెక్షన్. తెల్లవారేదాకా ఆగి ఉంటే ఇవాళ ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మేం సింగ్‌నగర్‌లోనే ఉన్నాం. మెట్లదాకా నీళ్లు, కరెంటు లేదు, టీపీఎన్ ఎక్కించే పంపు నడవదు, చేతులు కడుక్కోడానికి శుభ్రమైన నీళ్లు లేవు. చార్జింగు ఉన్న ఒక్క ఫోన్‌లో మా డాక్టరు గారు చెప్పింది రెండు ముక్కలు: లైను ముట్టుకోవద్దు, సీసా నీళ్లలో ఉప్పు గ్లూకోజు కలుపుకుని గంటకి కొంచెం తాగు. మూడో రోజు పడవలో బయటికొచ్చి అటునుంచి అటే అడ్మిట్ అయ్యాను. వార్డు వాళ్లు నాకోసం సంచి కలిపి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

కొత్తపేట డైటీషియన్ (గుంటూరు), ఏప్రిల్ 9, రాత్రి 9:00

ఆ డిశ్చార్జ్ కాగితం పక్కన పెట్టేయండి. ఆకుకూరలు, పీచు ఇప్పుడు వద్దు, సంచి ఇంకా పెరుగుతుంది. తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యి, గుడ్డు, చేప, చికెన్, ఇడ్లీ, ఉప్పు వేసిన పెరుగన్నం. కారం తగ్గించండి, ఉప్పు ధారాళంగా వేయండి. పొట్టి పేగు తిన్నదాంట్లో కొంతే ఒంటబట్టించుకుంటుంది కాబట్టి మునుపటికంటే ఎక్కువే తినాలి. మూడుపూటల తిండిని ఆరుపూటలకి పంచండి. అన్నంతో నీళ్లు వద్దు, అరగంట ఎడం ఉంచండి. కొబ్బరినీళ్లు మంచివే, కాని వాటిలో సోడియం తక్కువ. ఈ జబ్బులో అవీ మంచినీళ్ల లెక్కలోకే వస్తాయి.

పెద్ద పేగు కలిపాక భోజనం మారుతుంది, ఇది చాలామంది చెప్పరు. పెద్ద పేగు పిండి పదార్థాన్ని పులియబెట్టి అందులోంచి కూడా శక్తి తీసిస్తుంది, అన్నం అప్పుడు మనకి మేలు. కొవ్వు తగ్గించాలి. ఆక్సలేటు ఎక్కువున్నవి ఒంటబట్టి కిడ్నీలో రాళ్లు కట్టే ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. గోంగూర, చుక్కకూర, పాలకూర, వేరుశనగ, చిక్కటి టీ. గుంటూరు మనిషికి గోంగూర వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు, అయినా చెప్పక తప్పదు. ఇవన్నీ సర్జన్ ఎప్పుడు కలుపుతారో నాకు తెలిస్తేనే చెప్పగలను. చాలాసార్లు నాకు పేషెంటు చెబితే తప్ప తెలియదు.

మందుల కొట్టు (గవర్నర్‌పేట), ఏప్రిల్ 10, ఉదయం 9:40

ఫార్మసిస్టుని. సంచిలో మాత్ర మాత్రగానే బయటికి వస్తోందేమో చూడండి. పైపూత ఉన్న మాత్రలు, మెల్లగా కరిగే మాత్రలు పొట్టి పేగులో కరిగే లోపే దాటిపోతాయి. అలా కనబడితే డాక్టరుకి చెప్పి మరో రూపంలో రాయించుకోండి. చిన్నపేగు చివరి భాగం పోయింది కాబట్టి బీ12 ఇంజెక్షనే, మాత్రతో పని జరగదు. టీపీఎన్ వాడేవాళ్లకి ఒక మాట: మూడు గదుల సంచిలో విటమిన్లు ఉండవు, విడిగా కలపాలి. వారాల తరబడి థయమిన్ (బీ1 విటమిన్) లేకుండా సంచులు ఎక్కించుకున్నవాళ్లని చూశాను, అది ప్రాణాంతకం.

బుజ్జిదాని అమ్మ (విజయవాడ), ఏప్రిల్ 10, సాయంత్రం 4:15

మా పాప ఏడో నెలలో పుట్టింది, పేగు కుళ్లిపోయి 38 సెంటీమీటర్లు మిగిలింది. మూడున్నరేళ్లకి టీపీఎన్ ఆగింది. ఇప్పుడు ఆరేళ్లు. మధ్యలో కళ్లు పచ్చబడితే కొవ్వు సెలైన్‌ని చేపనూనె కలిసినదానికి మార్చారు, అది కనిపెట్టింది పిల్లల డాక్టరు కాదు, ప్రతి వారం ఎత్తు, బరువు రాసే డైటీషియన్ గారు.

పోయిన ఏడాది ఒక పెళ్లిలో పూతరేకులు, బందరు లడ్డు కడుపునిండా తినేసింది. రెండు గంటల తర్వాత తూలుతూ నడుస్తోంది, మాట ముద్దముద్దగా వస్తోంది. దిష్టి అన్నారు చుట్టాలు. క్యాజువాల్టీలో మామూలు లాక్టేట్ పరీక్ష (రక్తంలో ఒకరకం ఆమ్లం చూసేది) బాగానే ఉందన్నారు. మా సర్జన్ గారు ఫోన్‌లో డీ-లాక్టేట్ అని వేరే ఉంటుంది, మామూలు పరీక్షలో కనబడదని వాళ్లకి చెప్పారు. పొట్టి పేగుకి పెద్ద పేగు కలిసి ఉన్నవాళ్లలో తీపి ఎక్కువైతే ఇలా జరుగుతుందట. ఆ ఫోన్ నంబరు ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

తమ్ముడూ, మీ వదినగారు ఎలా ఉన్నారు? ఆమె గురించి ఒక్క ముక్కా రాయలేదు.

మిర్చియార్డు తమ్ముడు, ఏప్రిల్ 10, రాత్రి 11:55

అక్కా, మీరు అడిగాకే ఆలోచించాను. రాత్రి పదకొండుకి, ఒంటిగంటకి, మూడుకి, ఐదుకి అలారం పెట్టుకుని లేచి సంచి ఖాళీ చేస్తోంది. మూడు నెలలుగా వరసగా రెండు గంటలు నిద్రపోలేదు. ఈ మాట మాకు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ అడిగితే ఏడ్చేసింది.

రిటైర్డ్ సిస్టర్, ఏప్రిల్ 11, ఉదయం 5:50

తమ్ముడూ, అడుగున కుళాయి ఉన్న సంచులు దొరుకుతాయి. రాత్రి ఆ కుళాయికి గొట్టంతో రెండు లీటర్ల డ్రైనేజీ సంచి తగిలించి మంచం పక్కన కిందకి వేలాడదీయండి. అలారంతో పనుండదు, ఆ అమ్మాయి నిద్రపోతుంది. అలాగే స్టోమా (పొట్ట మీదకి తెచ్చిన పేగు మూతి) మళ్లీ కొలవండి, మొదటి రెండు నెలల్లో అది చిన్నదవుతుంది. పాత కొలతతోనే రంధ్రం కోస్తుంటే చర్మం పుండు పడిపోతుంది. వీలైతే ఆదివారం నేను గుంటూరు వస్తాను, ఒకసారి చేసి చూపిస్తాను.

మిర్చియార్డు తమ్ముడు, మే 3, రాత్రి 9:30

ఇన్ని రోజులకి రాస్తున్నాను, క్షమించాలి.

సిస్టర్ అమ్మ వచ్చి వెళ్లారు. వదిన ఆ రాత్రి ఏడు గంటలు నిద్రపోయింది. మేం లేపలేదు.

గ్యాస్ట్రో డాక్టరు గారు బాధ్యత తీసుకున్నారు. ఆయనే సర్జన్ గారికి, కిడ్నీ డాక్టరు గారికి ఫోన్లు చేసి శనివారం నాలుగింటికి తన గదికి రమ్మన్నారు. డైటీషియన్ గారు గుంటూరు నుంచి వీడియోలో. మొత్తం పాతిక నిమిషాలు. బల్ల మీద మా పుస్తకం ఒక్కటే ఉంది, ఫైళ్లు ఎవరూ తెరవలేదు. కిడ్నీ డాక్టరు గారు పేజీలు తిప్పుతూ తాగిన వరస మీద, సంచి వరస మీద వేలు పెట్టి కాసేపు చూశారు. తర్వాత తన చీటీలో నాలుగు లీటర్లు అన్నదాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టి మాకిచ్చారు. అంత పెద్ద డాక్టరు అలా చేయడం చూసి నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

మూత్రంలో సోడియం మొదట 10 లోపు వచ్చింది. ఉప్పు, గ్లూకోజు నీళ్లు లీటరున్నర, మంచినీళ్లు అన్నీ కలిపి 700 ఎంఎల్, లోపరమైడ్ అన్నానికి ముందు. వారానికి రెండుసార్లు ఇంటి దగ్గరే సెలైన్, మెగ్నీషియంతో. ఈ ఎండల్లో ఇంకొకటి అదనంగా పెడుతున్నారు. నిన్నటి లెక్క సంచి 1,650, మూత్రం 1,100, మూత్రంలో సోడియం 38. బరువు రెండు కిలోలు పెరిగింది. క్రియాటినిన్ మామూలుకి దగ్గరగా వచ్చింది.

జూలైలో పెద్ద పేగు కలుపుతామంటున్నారు. ఒక సందేహం. రక్తం పలచన చేసే మందు ఆపరేషన్‌కి ఎన్నిరోజుల ముందు ఆపాలి? సర్జన్ గారు ఒకటి చెప్పారు, హెమటాలజిస్టు గారు ఇంకొకటి.

బందరు రోడ్డు గ్యాస్ట్రో, మే 3, రాత్రి 10:50

చాలా సంతోషం తమ్ముడూ. మందు సంగతికి మాత్రం నేను ఇక్కడ జవాబు చెప్పను, చెప్పకూడదు కూడా. మందు ఆపితే మళ్లీ గడ్డ, ఆపకపోతే రక్తస్రావం. మీ అన్నయ్యకి రెండూ ప్రమాదమే. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని ఒకే తేదీ చెప్పాలి. ఆపే రోజు, మధ్యలో ఇచ్చే ఇంజెక్షన్, మళ్లీ మొదలుపెట్టే రోజు, మూడూ మీ పుస్తకంలో ఒకే పేజీ మీద రాయించి ఇద్దరి సంతకాలూ తీసుకోండి. అందాకా ఇప్పుడు వేస్తున్న మందు ఎవరు చెప్పినా ఆపొద్దు.

మిర్చియార్డు తమ్ముడు, మే 3, రాత్రి 11:02

అలాగే డాక్టరు గారూ. ఆ పేజీకి గీతలు ఇప్పుడే కొట్టి పెడుతున్నాను. సోమవారం పొద్దున ఇద్దరి దగ్గరికీ వెళ్తాం.